విడదీసిన ధ్వనిని మళ్లీ కలపడం

గాయకుడు మైకు ముందు నిలబడి 'సా' అని అందుకుంటాడు. ఆ ఒక్క అక్షరంలో రెండు రకాల ధ్వని ఉంది. ముందు పళ్ల సందుల్లోంచి గాలి ఒరుసుకుంటూ వచ్చే సకారం. దాని బలం చాలావరకు 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. ఆ వెంటనే గొంతు విప్పితే వచ్చే ఆకారం. దాని బలం చాలావరకు 1,500 హెర్ట్జ్ లోపలే. వేలమంది కూర్చున్న మైదానంలో ఈ అక్షరం రెండు వేర్వేరు స్పీకర్లలోంచి వస్తుంది. సకారాన్ని బాకాలాంటి హార్న్ పలుకుతుంది, ఆకారాన్ని గరాటులాంటి కోన్ పలుకుతుంది. వినేవాళ్లకు మాత్రం ఒక మనిషి ఒకే నోటితో పాడినట్టు ఉండాలి.

అలా ఉండేలా చూసేది డిజిటల్ క్రాసోవర్ ప్రాసెసర్. రాక్‌లో ఆంప్లిఫయర్ల పైన, నాలుగున్నర సెంటీమీటర్ల మందంలో ఉండే చిన్న పెట్టె అది. మిక్సర్ నుంచి వచ్చిన సంగీతాన్ని బేస్, మిడ్, హై అని పంచి ఒక్కో భాగాన్ని ఒక్కో ఆంప్లిఫయర్‌కి పంపుతుంది. అందుకే చాలామంది దాన్ని పంపకాల యంత్రంగా చూస్తారు. పంపకం తేలిక, కలపడమే కష్టం. పంచిన ముక్కలు శ్రోత చెవి దగ్గర గాలిలో మళ్లీ ఒకటి కావాలి. ప్రాసెసర్‌లో మనం పెట్టే ప్రతి అంకెనూ ఆ కలయికను బట్టే తూచాలి. తన వెనక ఏ స్పీకర్ ఉందో, అది ఎక్కడ వేలాడుతోందో ఆ పెట్టెకి తెలియదు. తెలుసుకుని చెప్పాల్సింది మనిషే.

ఒక్క స్పీకర్ ఎందుకు చాలదు

మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. మొదటి కొసన ధ్వని తరంగం పొడవు 17 మీటర్లు, రెండో కొసన 1.7 సెంటీమీటర్లు. రెండింటికీ వెయ్యి రెట్ల తేడా. ఇంత తేడాను ఒకే పరికరం గట్టిగా, శుభ్రంగా పలకలేదు.

తక్కువ పౌనఃపున్యాలకు చాలా గాలిని తొయ్యాలి. ధ్వని బలం తగ్గకుండా పౌనఃపున్యాన్ని సగం చేస్తే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. 80 హెర్ట్జ్ దగ్గర 2 మిల్లీమీటర్లు ఊగే కోన్, 40 దగ్గర అంతే బలంగా వినపడాలంటే 8 మిల్లీమీటర్లు ఊగాలి. అందుకే బేస్ బాక్సుల్లో 18 అంగుళాల కోన్లు, వాటి వెనక బరువైన అయస్కాంతాలు ఉంటాయి. అంత బరువైన కోన్ సెకనుకు పదివేలసార్లు కదలలేదు. దానికి హార్న్ వెనక కూర్చునే కంప్రెషన్ డ్రైవర్ కావాలి. అందులోని డయాఫ్రమ్ చాలాసార్లు పలుచని టైటానియం రేకు. అది కదలడానికి ఉన్న చోటు మిల్లీమీటరు లోపే. దాని మీదికి బేస్ వదిలితే మొదటి డోలు దెబ్బకే పగిలిపోతుంది.

ఇంట్లో పెట్టుకునే స్పీకర్లలో ఈ పంపకాన్ని బాక్సు లోపలి కాయిళ్లు, కెపాసిటర్లు చేస్తాయి. ఆంప్లిఫయర్ నుంచి వచ్చిన కరెంటు వాటి గుండా పోయి విడిపోతుంది. పెద్ద సభల్లో ఆంప్లిఫయర్ కంటే ముందే, సంకేతం ఇంకా సన్నగా ఉన్నప్పుడే విడదీస్తారు. బేస్‌కి ఒక ఆంప్లిఫయర్, కోన్‌కి ఒకటి, హార్న్‌కి ఒకటి. దేని బలం దానికే, దేని రక్షణ దానికే.

ఎలినార్ పవెల్ అడుగుల చప్పుడు

విడదీసిన ధ్వని సరిగా కలవకపోతే ఏమవుతుందో సినిమావాళ్లకు 1930లలోనే తెలిసొచ్చింది. 1933 ఏప్రిల్ 27న బెల్ లాబ్స్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోన్ తీగల మీదుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాల్‌కి పంపి వినిపించారు. అక్కడ వాడిన స్పీకర్లలో బేస్‌కి ఒక పెద్ద హార్న్, పై స్వరాలకు వేరే హార్న్‌లు ఉన్నాయి. విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు. హాలీవుడ్‌లో ఎంజీఎం స్టూడియో ధ్వని విభాగాన్ని నడిపే డగ్లస్ షియరర్, ఆయన దగ్గర పనిచేసే జాన్ హిలియర్డ్ అలాంటి వ్యవస్థను సినిమా హాళ్లకు తేవాలనుకున్నారు.

పరీక్షల్లో ఒక వింత బయటపడింది. ఎలినార్ పవెల్ ఆ రోజుల్లో పేరుమోసిన టాప్ నర్తకి. బూటు అడుగున బిగించిన లోహపు బిళ్లలతో నేలను కొడుతూ చేసే నాట్యం అది. ఆమె అడుగుల రికార్డింగ్ వేస్తే ఒక్కో దెబ్బ రెండుగా వినపడింది. బేస్ హార్న్ లోపలి దారి పై హార్న్ దారి కంటే కొన్ని అడుగులు ఎక్కువ పొడవు కావడమే కారణం. ధ్వని ఒక అడుగు దూరం పోవడానికి దాదాపు 0.9 మిల్లీ సెకను పడుతుంది. ఒకే దెబ్బలోని పై భాగం ముందు వచ్చేది, కింది భాగం కొన్ని మిల్లీ సెకన్లు వెనకబడేది. నిలకడగా సాగే వయొలిన్ స్వరంలో ఈ తేడా దాగిపోయింది. టక్కుమనే దెబ్బలో దాగలేదు.

ఆ రోజుల్లో సంకేతాన్ని కొన్ని మిల్లీ సెకన్లు ఆపి పంపే సులువైన మార్గం లేదు. చేయగలిగింది వడ్రంగం ఒక్కటే. బేస్ హార్న్‌ను కొత్తగా గీసి, పొట్టిగా మడిచి, రెండు దారుల పొడవులూ దగ్గరపడేలా కట్టారు. షియరర్ హార్న్ అని పేరు పడిన ఆ స్పీకర్‌కి 1936 సంవత్సరపు ఆస్కార్లలో సాంకేతిక పురస్కారం వచ్చింది.

ఈరోజు అదే పని ఒక అంకె మార్చినంత తేలిక. ప్రాసెసర్ లోపల ధ్వని సెకనుకు 48,000 లేదా 96,000 అంకెల వరుసగా మారుతుంది. ఆలస్యం చేయాలంటే ఆ అంకెలను కాసేపు మెమరీలో ఉంచి తర్వాత వదిలితే చాలు. 96,000 చొప్పున తీసుకుంటే అంకెకీ అంకెకీ మధ్య వ్యవధి సెకనులో దాదాపు లక్షో వంతు. ఆ వ్యవధిలో ధ్వని మూడున్నర మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. షియరర్ బృందం చెక్కను కోసి సాధించినదాన్ని ఇప్పుడు బియ్యపు గింజ పొడవు కంటే సన్నగా సర్దుకోవచ్చు.

ఇద్దరు ఇంజనీర్ల వాలు

క్రాసోవర్ గోడ కట్టినట్టు ఒక హద్దు దగ్గర ధ్వనిని తెగ్గొట్టదు. వాలుగా తగ్గిస్తుంది. ఈ వాలును ఆక్టేవ్‌కి ఇన్ని డెసిబెల్ అని చెబుతారు. ఆక్టేవ్ అంటే పౌనఃపున్యం రెట్టింపయ్యే దూరం, మన సంగీతంలో మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాకా ఉన్న ఒక స్థాయి. ఆక్టేవ్‌కి 24 డెసిబెల్ వాలు పెడితే హద్దుకి ఒక స్థాయి అవతల శక్తి దాదాపు 250వ వంతుకి పడిపోతుంది. హద్దుకి దగ్గరి స్వరాలను మాత్రం రెండు స్పీకర్లూ కలిసి పలుకుతాయి. అతుకు అంటే ఆ ప్రాంతమే.

ఇద్దరు ఒకే ఉయ్యాలను ఊపుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే క్షణంలో ముందుకి తోస్తే ఉయ్యాల ఎత్తుకి లేస్తుంది. ఒకరు ముందుకి తోసే క్షణంలో రెండోవారు వెనక్కి లాగితే ఆగిపోతుంది. అతుకు దగ్గర రెండు స్పీకర్లు గాలిని తోసేదీ ఇలాగే. ఎవరు ఎప్పుడు తోస్తున్నారన్నదాన్ని ఫేజ్ అంటారు, డిగ్రీల్లో కొలుస్తారు. తేడా సున్నా డిగ్రీలైతే రెండు సమాన ధ్వనులు కలిసి 6 డెసిబెల్ పెరుగుతాయి. 120 డిగ్రీలైతే రెండు స్పీకర్లు మోగినా ఒక్కటి మోగినంతే. 180 అయితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

చిక్కేమిటంటే, వాలు పెట్టే ఫిల్టరే ఫేజ్‌ను తిప్పుతుంది. 1930లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ బటర్‌వర్త్ రూపొందించిన ఫిల్టర్ హద్దు దగ్గర 3 డెసిబెల్ తగ్గుతుంది. కింది, పై ఫిల్టర్లు రెండూ 24 డెసిబెల్ బటర్‌వర్త్‌లైతే హద్దు దగ్గర ఫేజ్ కలుస్తుంది గానీ మొత్తం 3 డెసిబెల్ ఉబ్బుతుంది. 12 డెసిబెల్ వాలులో రెండు భాగాలకు సరిగ్గా 180 డిగ్రీల తేడా వస్తుంది. ఒకదాని తీగలు తిప్పి కలపకపోతే అతుకు దగ్గర గుంట పడుతుంది.

హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేస్తున్న సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ ఈ చిక్కు విప్పారు. 12 డెసిబెల్ బటర్‌వర్త్ ఫిల్టర్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి పెట్టారు. అప్పుడు హద్దు దగ్గర ఒక్కో వైపు 6 డెసిబెల్, అంటే ఓల్టేజిలో సరిగ్గా సగానికి తగ్గుతుంది. రెండు వైపుల మధ్య ఫేజ్ తేడా 360 డిగ్రీలు, పూర్తిగా ఒక చుట్టు. అంటే మళ్లీ ఒకే క్షణంలో తోస్తున్నట్టే. సగం, సగం కలిసి ఒకటి. ఈ లెక్కను లింక్‌విట్జ్ 1976లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఈనాటి ప్రాసెసర్లలో ఫిల్టర్ జాబితా తెరిస్తే వాళ్లిద్దరి పేర్లు కనిపిస్తాయి. లైవ్ సౌండ్‌లో ఎక్కువగా వాడేది 24 డెసిబెల్ లింక్‌విట్జ్–రైలీ వాలే.

ఇది తీగల్లో నిజమయ్యే లెక్క అని గుర్తుంచుకోవాలి. స్పీకర్లకు వాటి సొంత వాలు, సొంత ఫేజ్ ఉంటాయి. ఫిల్టర్ వాలు, స్పీకర్ వాలు కలిసి గాలిలో వచ్చే ఫలితమే లెక్క. అందుకే కొలవకుండా పెట్టిన క్రాసోవర్‌ని నమ్మలేం.

ఒక బాక్సు, ఒక హార్న్: అంకెలు ఎక్కడినుంచి వస్తాయి

ఒక మామూలు వ్యవస్థను తీసుకుందాం. కింద 18 అంగుళాల బేస్ బాక్సులు. పైన టాప్‌లు, ఒక్కోదానిలో 12 అంగుళాల కోన్, ఒక కంప్రెషన్ డ్రైవర్, దాని ముందు హార్న్.

కోన్‌కి, హార్న్‌కి మధ్య హద్దు ఎక్కడ పెట్టాలో రెండు వైపుల నుంచి ఒత్తిడి ఉంటుంది. 12 అంగుళాల కోన్‌లో నిజంగా కదిలే భాగం దాదాపు 26 సెంటీమీటర్లు. 1,300 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు కూడా అంతే. అది దాటితే కోన్ ధ్వని టార్చి వెలుగులా సన్నబడి, పక్కన కూర్చున్నవాళ్లకు అందదు. డ్రైవర్ వైపు నుంచి చూస్తే తయారీదారు ఇచ్చిన కనీస పౌనఃపున్యం ఒకటి ఉంటుంది. పెద్ద డయాఫ్రమ్ ఉన్నవాటికి 800 నుంచి 1,000 హెర్ట్జ్, చిన్నవాటికి ఇంకా పైన. ఈ రెంటి మధ్య దొరికే సందు చిన్నది. మన వ్యవస్థకి 1,200 హెర్ట్జ్ పెడదాం. 600కి దింపితే హద్దు దగ్గర డయాఫ్రమ్ నాలుగు రెట్లు ఊగాల్సి వస్తుంది, ఎక్కువ రోజులు బతకదు.

తర్వాత బలాల తూకం. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 12 అంగుళాల కోన్ 98 డెసిబెల్ ఇస్తుందనుకుంటే, హార్న్ బిగించిన డ్రైవర్ 108 ఇవ్వగలదు. ఆంప్లిఫయర్లు ఒకటే అయితే హార్న్ అవుట్‌పుట్‌ను 10 డెసిబెల్ తగ్గించాలి. మొదటిసారి ఆ అంకె చూసినవాళ్లకు హై భాగం చంపేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే ఎత్తుకి వస్తున్నాయి. పైగా కంప్రెషన్ డ్రైవర్లలో చాలావాటికి 3,000 హెర్ట్జ్ దాటాక బలం తనంతట తానే తగ్గుతూ పోతుంది. ఆ పైభాగాన్ని ఈక్వలైజర్‌తో క్రమంగా పెంచుతారు.

ఇక ఆలస్యం. డ్రైవర్ డయాఫ్రమ్ హార్న్ వెనకెక్కడో ఉంటుంది, కోన్ ముందు ఉంటుంది. ఆ తేడా 18 సెంటీమీటర్లనుకుంటే కోన్ ధ్వని దాదాపు అర మిల్లీ సెకను ముందు చేరుతుంది. ముందు వచ్చేదాన్నే ఆపాలి, ఎందుకంటే వెనకబడ్డదాన్ని ముందుకి తోయడం ఏ యంత్రం వల్లా కాదు. కాబట్టి కోన్ అవుట్‌పుట్‌కి 0.52 మిల్లీ సెకను ఆలస్యం. టేపుతో కొలిచిన ఈ అంకె ఆరంభం మాత్రమే. ఫిల్టర్లు, స్పీకర్లు తెచ్చే ఆలస్యం టేపుకి అందదు.

అసలు అంకె పట్టుకోవడానికి సౌండ్ ఇంజనీర్లు వాడే పద్ధతి ఎంతో చక్కనిది. టాప్ ముందు కొలత మైకు పెట్టి, పింక్ నాయిస్ అనే హోరు వేసి, హార్న్ పోలారిటీని కావాలనే తిప్పుతారు. అంటే రెండు స్పీకర్లూ ఎదురెదురుగా తోసేలా చేస్తారు. తర్వాత కోన్ ఆలస్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తెర మీద 1,200 దగ్గర గుంట ఎప్పుడు అత్యంత లోతుగా పడుతుందో చూస్తారు. అక్కడ ఆపి, పోలారిటీని మళ్లీ మామూలుగా పెడతారు. రద్దు ఎక్కడ గట్టిగా జరిగిందో, తిప్పేసరికి కలయిక అక్కడే గట్టిగా జరుగుతుంది.

కలయికను వెతకడానికి రద్దును ఎందుకు వెతకాలి? రెండు సమాన ధ్వనుల మధ్య 10 డిగ్రీల తప్పు ఉంటే కలిసిన బలం తగ్గేది డెసిబెల్‌లో ముప్ఫయ్యో వంతు. చెవికి గానీ, నాయిస్‌తో ఊగే తెరకి గానీ అది తెలియదు. ఎదురుగా తోసేటప్పుడైతే తప్పు లేని చోట ధ్వని పూర్తిగా పోవాలి, 10 డిగ్రీల తప్పుంటే ఒక్క స్పీకర్ బలం కంటే 15 డెసిబెల్ కింద నిలిచిపోతుంది. అంత తేడా తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. 1,200 హెర్ట్జ్ తరంగం 29 సెంటీమీటర్లకి ఒకసారి మళ్లీ అదే స్థితికి వస్తుంది. కాబట్టి ఒక చుట్టు తప్పిపోయిన చోట కూడా గుంట పడుతుంది. టేపు కొలత ఇక్కడ అక్కరకొస్తుంది. దానికి దగ్గరగా పడ్డ గుంటే అసలైనది.

పంపిన సంకేతాన్నీ, మైకుకి అందిన సంకేతాన్నీ పోల్చి ఫేజ్ గీతలు గీసే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. అతుకు దగ్గర రెండు స్పీకర్ల ఫేజ్ గీతలు ఒకదాని మీద ఒకటి పడి, హద్దుకి అటూ ఇటూ కలిసి నడవాలి. హద్దు దగ్గర ఒక్క బిందువులో కలిసి, వెంటనే విడిపోతే ఆలస్యం తప్పిందన్నమాట.

నేల మీది బేస్, పైన వేలాడే టాప్

బాక్సు లోపలి అతుకు ఒకసారి కుదిరితే మళ్లీ కదలదు. బేస్‌కి, టాప్‌కి మధ్య అతుకు అలా కాదు. ప్రతి మైదానంలో కొత్తగా పెట్టాలి, ఎందుకంటే ఒకటి నేల మీద ఉంటుంది, రెండోది ట్రస్ అనే లోహపు చట్రానికి వేలాడుతుంది. వాటి దూరాలు ప్రతి కుర్చీకీ మారతాయి.

హద్దు 90 హెర్ట్జ్ అనుకుందాం. టాప్ శ్రోత చెవి కంటే మూడున్నర మీటర్ల ఎత్తులో ఉంది. బేస్ బాక్సు చెవి మట్టంలోనే ఉందని సులువు కోసం తీసుకుందాం. బేస్ బాక్సు నుంచి 6 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు టాప్ ఉన్న దూరం 6.95 మీటర్లు, అంటే 95 సెంటీమీటర్లు ఎక్కువ. 20 మీటర్ల దగ్గర ఆ తేడా 30 సెంటీమీటర్లకి తగ్గుతుంది. 30 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లే. 90 హెర్ట్జ్ దగ్గర ఇవి వరసగా 88, 28, 19 డిగ్రీలు.

ముగ్గురికీ ఒకేసారి సున్నా చేయలేం. 20 మీటర్ల దగ్గర మైకు పెట్టి అక్కడ కలిసేలా బేస్‌ను ఆలస్యం చేద్దాం. 30 మీటర్ల దగ్గర 9 డిగ్రీల తప్పు మిగులుతుంది, లెక్కలోకి రాదు. 6 మీటర్ల దగ్గర 60 డిగ్రీలు మిగులుతుంది. 60 డిగ్రీల తప్పుకి కలయికలో పోయేది ఒకటింబావు డెసిబెల్ మాత్రమే. ముందు వరస వాళ్లు అది గమనించరు. అదే మైకుని ముందు వరసలో పెట్టి సర్దితే, ఆ 60 డిగ్రీల తప్పు వెనక కూర్చున్న ఎక్కువమందికి పోతుంది. మైకుని ఎక్కడ నిలబెట్టామన్నదే ఎవరికి మంచి ధ్వని ఇస్తున్నామో నిర్ణయిస్తుంది. నడి మైదానాన్ని ఎంచుకుంటే తప్పు అందరి మధ్యా కొద్దికొద్దిగా పంచుకుపోతుంది.

ఈ అతుకు దగ్గర పొడవైన ఎఫ్ఐఆర్ ఫిల్టర్లు పెద్దగా అక్కరకి రావు. అవి ఫేజ్‌ను తిప్పకుండా వాలు కట్టగలవు. కానీ సెకనుకు 48,000 చొప్పున 1,024 అంకెలతో కట్టిన ఫిల్టర్‌కి 47 హెర్ట్జ్ కంటే సన్నని వివరం అందదు, అయినా దాదాపు 11 మిల్లీ సెకన్ల ఆలస్యం తెస్తుంది. హై భాగానికి చిన్న ఫిల్టర్ సరిపోతుంది గానీ 90 దగ్గర పదునైన వాలు కావాలంటే ఇంకెంతో పొడవు కావాలి. అంత ఆలస్యమైతే గాయకుడు, వాద్యకారులు స్టేజి మీద తడబడతారు. అందుకే లైవ్‌లో బేస్ అతుకు ఇప్పటికీ మామూలు లింక్‌విట్జ్–రైలీ మీదే నడుస్తుంది.

బేస్ బాక్సుకి కింది వైపు కూడా ఒక హద్దు కావాలి. గాలి రంధ్రం ఉన్న బాక్సు ఒక పౌనఃపున్యానికి కట్టి ఉంటుంది, సాధారణంగా 35–40 హెర్ట్జ్ దగ్గర. దానికంటే కింద కోన్‌ని అదుపు చేసే గాలి ఒత్తిడి పోయి, కోన్ పట్టు తప్పి ఊగుతుంది. మైకు కింద పడిన ధబ్బు, వేదిక మీద నడిచిన కాలి అదురు ఈ ప్రాంతంలోనే వస్తాయి. 30 నుంచి 35 మధ్య ఒక హైపాస్, అంటే కిందివాటిని ఆపే ఫిల్టర్ పెడితే వినపడని ఆ కదలిక ఆగి, కోన్ బతుకుతుంది.

లిమిటర్: ఓల్టులతో లెక్క

స్పీకర్‌కి ఇచ్చిన విద్యుత్తులో ధ్వనిగా మారేది కొద్ది శాతమే. మిగతాదంతా వాయిస్ కాయిల్‌లో వేడి అవుతుంది. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ 180 డిగ్రీలు వేడెక్కితే నిరోధం 1.7 రెట్లవుతుంది, అదే ఓల్టేజికి అది లాక్కునే శక్తి దాదాపు 60 శాతానికి పడుతుంది. ధ్వని మెత్తబడుతుంది. ఆపరేటర్ ఇంకా పెంచుతాడు. కాయిల్ ఇంకా కాగి, చివరికి జిగురు కరిగి ఊడిపోతుంది. దీన్ని ఆపేది లిమిటర్.

లెక్క చూద్దాం. 18 అంగుళాల స్పీకర్ ఒకటి 8 ఓమ్‌లు, 800 వాట్లు. వాట్లను ఓమ్‌లతో గుణిస్తే 6,400, దాని వర్గమూలం 80 ఓల్టులు. బాక్సులో ఇలాంటివి రెండు సమాంతరంగా ఉన్నా ఓల్టులు అవే. ఆంప్లిఫయర్ గెయిన్ 32 డెసిబెల్ అయితే అది ఓల్టేజిని 40 రెట్లు పెంచుతుంది. కాబట్టి ప్రాసెసర్ వదలాల్సిన గరిష్ఠం 80ని 40తో భాగించగా వచ్చే 2 ఓల్టులు. ప్రాసెసర్ భాషలో ఇది ప్లస్ 8.2 డీబీయూ.

ఇంత శ్రమనూ వమ్ముచేసేది ఆంప్లిఫయర్ మీది నాబ్. ఆ లెక్క నాబ్ పూర్తిగా తిప్పి ఉందనుకుని చేసింది. దాన్ని తగ్గించి ఉంచిన రోజున లిమిటర్‌ని చెవితో సర్దితే, తర్వాతెవరో నాబ్ పైకి తిప్పగానే కాయిల్‌కి ఎన్నో రెట్ల శక్తి పోతుంది. నాబ్‌లన్నీ ఒకే చోట పెట్టి, ఆ తర్వాత లిమిటర్ లెక్కించి, మళ్లీ ఎవరూ ముట్టకుండా చూడాలి.

మంచి ప్రాసెసర్లలో రెండు లిమిటర్లు ఉంటాయి. ఒకటి క్షణికమైన శిఖరాలను ఆపి కోన్‌ని, డయాఫ్రమ్‌ని కాపాడుతుంది. రెండోది నెమ్మదిగా, కొన్ని సెకన్ల సగటు చూస్తూ కాయిల్ వేడిని కాపాడుతుంది. రెండోదాన్ని తయారీదారు చెప్పిన వాట్లకు 3 డెసిబెల్ తక్కువగా, అంటే సగం శక్తి దగ్గర పెట్టడం మంచిది. స్పీకర్‌ని పరీక్షించేది కొన్ని గంటలే, మనకది ఎన్నో సాయంత్రాలు పనిచేయాలి.

ప్రాసెసర్ చేయలేనివి

వేదికకి రెండు వైపులా విడివిడిగా బేస్ బాక్సులు పేర్చితే మైదానం నడిమధ్య బేస్ దద్దరిల్లుతుంది, కొంచెం పక్కకి జరిగితే మాయమవుతుంది. 60 హెర్ట్జ్ తరంగం పొడవు 5.8 మీటర్లు. ఎడమ, కుడి బాక్సుల నుంచి మీకున్న దూరాల తేడా 2.9 మీటర్లయితే మీ కుర్చీలో 60 హెర్ట్జ్ దాదాపు ఉండదు. ఏ ఆలస్యమూ, ఏ ఈక్వలైజరూ దీన్ని నయం చేయదు. ఒక కుర్చీలో గుంట పూడిస్తే అది మరో కుర్చీకి పోతుంది. బాక్సులను వేదిక ముందు మధ్యలో ఒక్కచోటికి చేరిస్తే చాలావరకు పోతుంది. అంకెలు మార్చేముందు బాక్సులు మార్చాలి.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ధ్వని వేగం ఉష్ణోగ్రతతో డిగ్రీకి దాదాపు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మన వేసవిలో సాయంత్రం 38 డిగ్రీలుంటే సెకనుకి 354 మీటర్లు, రాత్రి 28 డిగ్రీలకి దిగితే 348. బాక్సు లోపలి 18 సెంటీమీటర్ల దారికి దీనివల్ల ఏమీ కాదు. వెనక వాళ్ల కోసం 60 మీటర్ల దూరంలో నిలబెట్టిన డిలే టవర్‌కి మాత్రం 169 మిల్లీ సెకన్లున్నది 172 అవుతుంది. ఒక మీటరు తప్పు. సాయంత్రం సర్దిన టవర్‌ని రాత్రి ఒకసారి మళ్లీ చూసుకోవాలి. టవర్ కన్నా వేదిక ధ్వని చెవికి ముందు చేరితేనే గాయకుడు వేదిక మీదే ఉన్నట్టు అనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో దీన్ని కొలిచారు. వెనకొచ్చే ధ్వని 5 నుంచి 30 మిల్లీ సెకన్లు ఆలస్యంగా వస్తే, అది కొంచెం బిగ్గరగా ఉన్నా చెవి ముందొచ్చిన వైపుకే తిరుగుతుంది. అందుకే టవర్‌కి దూరం లెక్క మీద ఇంకొన్ని మిల్లీ సెకన్లు కలుపుతారు.

ఎందుకింత శ్రద్ధ

మన ఊళ్లలో పెళ్లికీ, జాతరకీ, బహిరంగ సభకీ స్పీకర్లు పెడతారు. మాట స్పష్టంగా లేదనగానే ఎవరైనా చేసే మొదటి పని మాస్టర్ పెంచడం. కోన్, హార్న్‌ల అతుకు దగ్గర గుంట పడితే పోయేది సరిగ్గా మాటను అర్థం చేయించే ప్రాంతమే, ఎంత పెంచినా ఆ గుంట పూడదు. మిగతాదంతా బిగ్గరగా మారి, ముందు వరసలోని పిల్లల చెవులను, పక్కింటి రోగుల నిద్రను దెబ్బతీస్తుంది. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ధ్వని ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబెల్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. అతుకు కుదిరిన వ్యవస్థ తక్కువ బలంతోనే స్పష్టంగా పలుకుతుంది కాబట్టి ఈ హద్దులో ఉండటం దానికి సులువు.

అందుకే వ్యవస్థను సర్దే వరస తప్పకూడదు. ముందు బాక్సులు సరైన చోట. తర్వాత స్పీకర్ల హద్దులు, వాలు, బలాల తూకం. ఆపైన పోలారిటీ, ఆలస్యం. ఈక్వలైజర్ ఆ తర్వాతే, ఎందుకంటే ఫేజ్ తప్పువల్ల పడిన గుంటను అది పూడ్చలేదు. చివర లిమిటర్. అంతా అయ్యాక ప్రీసెట్‌ని భద్రపరిచి, తాళం వేసి, మనిషి గొంతు రికార్డింగ్ పెట్టి మైదానమంతా నడవాలి. ముందు వరస నుంచి చివరి వరస దాకా, పక్క దారుల దాకా. ఎక్కడ నిలబడినా గొంతు ఒకే మనిషిదిగా వినపడితే పని పూర్తయినట్టు. వినపడని చోటు కనిపిస్తే అంకెల దగ్గరికి తిరిగి రావాలి, ఆ చోట కూర్చోబోయేవాళ్లు కూడా వినడానికే వస్తున్నారు కాబట్టి.